ఎడారి ఒడ్డున వేసవి విడిది

ఎండాకాలం వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్ళలో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. ఈ ఏడు ఇండియా వెళ్దామా, వెకేషన్‌కి వెళ్దామా అన్నది మొదటిది. రెండూ ఒకే టికెట్టులో ఎలా ఇరికించాలి అన్నది రెండోది. అక్కడ అమ్మా నాన్నా ఎదురుచూస్తుంటారు, ఇక్కడ పిల్లలేమో బీచి కావాలంటారు. ఈ మధ్య మనవాళ్ళకి గోల్ఫ్ పిచ్చి కూడా తోడయింది. మా అన్నయ్యకైతే గోల్ఫ్ బ్యాగు లేకుండా విమానం ఎక్కడమంటే జంధ్యం లేకుండా పెళ్ళిపీటల మీద కూర్చున్నంత వెలితి.

2019 వేసవిలో మా అన్నదమ్ముల కుటుంబాలు, జగిత్యాల దగ్గర పల్లెలో ఉండే అమ్మ, బాపు, అందరం సగం దారిలో ఎక్కడైనా కలుద్దామనుకున్నాం. బాపుకి అంత దూరం అమెరికా ప్రయాణం ఇక వద్దన్నారు డాక్టర్లు. సముద్రం ఉండాలి, గోల్ఫ్ ఉండాలి, పెద్దవాళ్ళకి నాలుగు గంటల ప్రయాణం మించకూడదు. ఇవన్నీ కలిపి చూస్తే అరబ్ ఎమిరేట్స్ తేలింది. జూలై నెలలో ఎడారికి విహారయాత్ర ఏమిటని ఫోన్లలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వుతోపాటు ఒక సందేహం కూడా వచ్చింది. నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే ఆ తీరం వేసవి విడిది ఎప్పుడయింది? అంతకుముందు అక్కడివాళ్ళు వేసవిలో ఏం చేసేవాళ్ళు? చరిత్ర పుస్తకాలు తిరగేసే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి హోటళ్ళ ధరలతోపాటు ఆ సంగతులు కూడా పోగుచేశాను. తోటి తెలుగువాళ్ళతో పంచుకోదగినవనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మొదట తెలిసిన విషయమే ఆశ్చర్యపరిచింది. ఆ తీరంలో వేసవి అంటే విశ్రాంతి కాదు, పని. ముత్యాల వేట సాగింది వేసవిలోనే. సుమారు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నీళ్ళు వెచ్చగా ఉండే ఆ నాలుగు నెలలూ మగవాళ్ళు పడవల మీదే ఉండేవారు. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకి బిగింపు పెట్టుకుని, తాడు పట్టుకుని అడుగుకి దిగి చిప్పలు ఏరేవారు. తాడు లాగేవాడు పైన ఉంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే వరస. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళలో స్తోమతున్నవారు ఒంటెల మీద సముద్రానికి దూరంగా, లివా, అల్ ఐన్ వంటి ఒయాసిస్సులకో, రస్ అల్ ఖైమా, ఫుజైరా వైపు ఖర్జూరపు తోటలకో పోయేవారు. ఎండాకాలమే ఖర్జూరాలు పండే కాలం. అంటే ఎమిరేట్స్‌లో పాతకాలపు వేసవి విడిది సముద్రపు ఒడ్డు కాదు, తోట. మన ఇళ్ళలో మామిడికాయల కాలానికి అమ్మమ్మగారి ఊరికి పోయినట్టే.

ఆ ముత్యాలకీ మనకీ సంబంధం ఉంది. గల్ఫ్ ముత్యాలన్నీ దాదాపు బొంబాయి బజారుకి చేరేవి. అక్కడినుంచి హైదరాబాదుకి వచ్చి పత్తర్‌గట్టి అంగళ్ళలో అమ్ముడుపోయేవి. మనం ఇప్పటికీ "బస్రా ముత్యాలు" అంటామే, అవి ఈ గల్ఫ్ జలాల ముత్యాలే. నిజాం నగల్లోని ఏడు పేటల సాత్‌లడా హారం బస్రా ముత్యాలదే. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకి ఆ నగలు కొన్నది, 2001లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టింది. వాటిని చూడటానికి వరసలో నిలబడ్డ హైదరాబాదీలలో నేనూ ఒకణ్ణి. ఆ ముత్యం పైకి తెచ్చినవాడి పేరు ఏ పలక మీదా ఉండదు. అతను మాత్రం చాలావరకు అప్పులోనే బతికాడు. సీజను మొదట్లో నాఖుదా, అంటే పడవ కెప్టెను, ఇంటి ఖర్చులకి ముందే డబ్బు ఇచ్చేవాడు. సీజను చివర లెక్క చూస్తే అప్పు తీరేది కాదు. వచ్చే ఏడు మళ్ళీ అదే పడవ. తండ్రి పోతే బాకీ కొడుకు మీద పడిన సందర్భాలూ ఉన్నాయి. ఈ లెక్క కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు.

1929 నాటి ప్రపంచ మాంద్యం, జపాను పెంపుడు ముత్యాలు, ఈ రెండూ కలిసి ఆ వ్యాపారాన్ని 1930లలో కూల్చేశాయి. చాలా పడవలు ఒడ్డున ఎండిపోయాయి.

ఆ కాలంలో ఆ తీరం పెత్తనం బ్రిటిష్ వారిది. అయితే ఆ పెత్తనం నడిచింది లండను నుంచి కాదు, ఇండియా నుంచి. 1820 సంధి తరువాత షేకులతో వ్యవహారాలు చూసిన రెసిడెంటు 1947 దాకా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికే జవాబుదారీ. డబ్బు కూడా మనదే. దుబాయి బజారులో చాలాకాలం చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా "గల్ఫ్ రూపాయి" నోట్లు వేరే రంగుల్లో అచ్చువేసి పంపింది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించేసరికి వాళ్ళు దాన్ని వదిలేశారు. దిర్హం వచ్చింది 1973లో. ఇప్పుడు మనవాళ్ళు దిర్హాన్ని రూపాయల్లోకి మార్చి ఇంటికి పంపుతుంటే, ఒకప్పుడు రెండు చోట్లా ఒకే నోటు నడిచిందంటే ఎవరూ నమ్మరు.

బయటివాడు డబ్బిచ్చి రాత్రి పడుకునే మొదటి విడిది కూడా ఇండియా దారిలోనే పుట్టింది. లండను నుంచి కరాచీ పోయే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలకోసం 1932లో షార్జాలో ఒక రెస్ట్ హౌసు కట్టారు. విడిది అన్నమాటే గాని చూడటానికి కోటలా ఉండేది. అది ఇప్పుడు అల్ మహత్తా మ్యూజియం. 1937 నుంచి దుబాయి క్రీకులో నీటి మీద వాలే విమానాలు ఆగేవి. అమెరికా నుంచి ఇండియా వెళుతూ మధ్యలో రెండు రోజులు దుబాయిలో దిగడం మనం కనిపెట్టిన పద్ధతి అనుకుంటాం గాని, దానికి తొంభై ఏళ్ళ వయసుంది.

బీచి హోటలు కథ ఇంకా తమాషా అయినది, చికాగో తెలుగువాళ్ళు ప్రత్యేకంగా వినవలసినది. 1966లో దుబాయి సముద్రంలో ఫతే నూనె క్షేత్రం దొరికింది. నూనె నిలవచేయడానికి సముద్రంలోనే ముంచిపెట్టే పెద్ద ట్యాంకులు కావలసివచ్చాయి. చికాగో బ్రిడ్జ్ అండ్ ఐరన్ అనే అమెరికన్ కంపెనీ జుమైరా ఒడ్డున మకాం వేసి, ఒక్కొక్కటి 5 లక్షల బ్యారెళ్ళు పట్టే మూడు ట్యాంకులు కట్టి, 1969 నుంచి ఒక్కొక్కటే సముద్రంలోకి తేల్చి తీసుకుపోయింది. బోర్లించిన గరాటాల్లా ఉండేవట అవి. కంపెనీ వెళ్ళిపోయింది, ఒడ్డుకి మాత్రం చికాగో బీచి అన్న పేరు మిగిలిపోయింది. తరువాత అక్కడ చికాగో బీచ్ హోటలు వెలిసింది. దాన్ని కూల్చాక అదే ఒడ్డున 1997లో అల ఆకారంలో జుమైరా బీచ్ హోటలు, 1999లో తెరచాప ఆకారంలో బుర్జ్ అల్ అరబ్ వచ్చాయి. ఇప్పుడు లక్షల మంది ఫొటోలు దిగే ఆ ఇసుక అంతకు ముప్పై ఏళ్ళ క్రితం వెల్డింగ్ యార్డు. దానికి కాస్త అవతల, ఈతాకుల్లాంటి మట్టలతో కట్టిన బరస్తీ గుడిసెల్లో జాలరులు ఉండేవారు.

గోల్ఫ్ సంగతికి వద్దాం. అక్కడ గోల్ఫ్‌కి నాంది పలికింది గడ్డి కాదు, ఇసుక. నూనె కంపెనీల్లో పనిచేసే ఇంగ్లీషువాళ్ళు, అమెరికన్లు ఇసుకలోనే గుంటలు తవ్వుకుని ఆడేవారు. చంకలో చాపముక్కంత కృత్రిమ గడ్డి పెట్టుకు తిరిగేవారు. బంతి ఎక్కడ పడితే అక్కడ ఆ ముక్క పరిచి, దాని మీద బంతి పెట్టి కొట్టడం. గుంట చుట్టూ ఇసుకలో నూనె కలిపి రోలరుతో చదును చేసేవారు. పచ్చగా ఉంటే గ్రీన్స్ అంటాం కదా, వీటిని బ్రౌన్స్ అనేవారు. 1971లో మొదలైన దుబాయి కంట్రీ క్లబ్బులో 2007లో మూసేదాకా ఇలాగే ఆడారు. ఈ పద్ధతిలో నాకు ఒక నిజాయితీ కనిపిస్తుంది. ఎడారి ఎడారిలాగే ఉండేది, ఆటే సర్దుకునేది.

1988లో ఆట కోసం ఎడారి సర్దుకోవలసి వచ్చింది. ఆ ఏడు అబూధాబి రోడ్డు పక్కన, చుట్టూ ఏమీలేని ఇసుకలో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ తెరిచారు. గల్ఫ్ తీరంలో మొదటి పూర్తిస్థాయి గడ్డి కోర్సు ఇదే. గీసినవాడు కార్ల్ లిట్టెన్ అనే అమెరికన్. క్లబ్ హౌసుని బెడూయిన్ గుడారాల ఆకారంలో కట్టారు. నదిలేదు, చెరువులేదు. సముద్రపు నీటి ఉప్పు తీసి, ఆ నీళ్ళు రోజూ లక్షల గ్యాలన్లు గడ్డికి పోశారు. మరుసటి ఏడాదే, 1989లో, డెజర్ట్ క్లాసిక్ టోర్నమెంటు పెట్టారు. మొదటి విజేత మార్క్ జేమ్స్. తరువాత బల్లెస్తరోస్, ఎర్నీ ఎల్స్, టైగర్ వుడ్స్ అక్కడ గెలిచారు. 2009లో రోరీ మెక్‌ల్రాయ్ గెలిచిన మొదటి ప్రొఫెషనల్ టైటిలు కూడా అదే.

ఇంత ఖర్చు ఎందుకు పెట్టారు? దుబాయికి నూనె తక్కువని, అది ఎన్నాళ్ళో రాదని షేక్ రషీద్ హయాంలోనే వాళ్ళకి తెలుసు. 1979లో జెబెల్ అలీ ఓడరేవు తెరిచారు, 1985లో ఎమిరేట్స్ విమాన సంస్థ పెట్టారు. విమానం పెట్టాక అందులోంచి దిగేవాడికి ఒక కారణం చూపించాలి కదా. యూరపు మంచులో కూరుకుపోయి టీవీ ముందు కూర్చున్న రోజుల్లో పచ్చగడ్డి, నీలాకాశం నాలుగు రోజులపాటు వరసగా చూపిస్తే అంతకుమించిన ప్రకటన లేదు. 2004లో టైగర్ వుడ్స్ చేత బుర్జ్ అల్ అరబ్ హెలిపాడ్ మీదనుంచి సముద్రంలోకి బంతులు కొట్టించింది కూడా ఇందుకే. నా మట్టుకు నాకు ఇది గోల్ఫ్ చరిత్ర కన్నా వ్యాపార చరిత్రలోనే గొప్ప అధ్యాయం.

బీచి చాలక 2001లో సముద్రంలోనే ఒడ్డు కట్టడం మొదలుపెట్టారు, అదే పామ్ జుమైరా. చుట్టూ అంత ఎడారి ఉండగా ఇసుక సముద్రం అడుగునుంచి తోడారు. గాలికి నునుపెక్కిన ఎడారి ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలవవట. సుమారు 9 కోట్ల 40 లక్షల ఘనపు మీటర్ల ఇసుక పోశారని లెక్క. ఈ పరుగు అన్నిసార్లూ గమ్యం చేరలేదు. 2006లో టైగర్ వుడ్స్ పేరు మీద ప్రకటించిన గోల్ఫ్ కోర్సు 2008 ఆర్థిక సంక్షోభం తరువాత ఆగిపోయి ఇసుకలోనే మిగిలింది. అలా ఆగిపోయిన పనుల మీద నుంచి మన పల్లెలకి తిరిగివచ్చిన కుర్రాళ్ళు చాలామంది.

చలికాలం యాత్రికులు దొరికారు, మరి వేసవిలో ఖాళీ గదుల మాటేమిటి? దానికి జవాబు 1998లో దుబాయి సమ్మర్ సర్‌ప్రైజెస్ పేరుతో వచ్చింది. హోటలు ధరలు తగ్గించి, మాల్స్‌లో పిల్లలకి ఆటలు పెట్టి, పసుపు రంగు స్ప్రింగులా ఎగిరే మోదేష్ బొమ్మని ఊరంతా నిలబెట్టారు. ఇండియా నుంచి, గల్ఫ్ దేశాలనుంచి కుటుంబాలు రావడం మొదలయింది. అలా ఆ తీరం వేసవి విడిది అయింది. ఎండని దాటే ఉపాయాలు తరువాత వచ్చాయి. గోల్ఫ్ తెల్లవారుజామున, లేదా ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి. 2023లో జుమైరాలో రాత్రిపూట దీపాల వెలుగులో ఈత కొట్టే బీచిలు కూడా తెరిచారు.

ఈ చరిత్రలో ఒక ముఖ్యమైన పాత్ర ఇంకా మిగిలింది. మా చిన్నాయన కొడుకు, నాకంటే పదమూడేళ్ళు చిన్నవాడు, 2002లో దుబాయి పోయాడు. మా వైపు కువైట్ పోయినా, మస్కట్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. వీడు నిజంగానే దుబాయి పోయాడు. 1973 తరువాత నూనె ధర పెరిగి అక్కడ పనులు మొదలైన నాటినుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలు ఖాళీ అవుతూ వచ్చాయి. బోర్లు ఎండినప్పుడల్లా ఇంకొంతమంది. వీడి కథా అదే. ఏజెంటుకి ఇచ్చిన డబ్బుకి వడ్డీ తీరడానికే మూడేళ్ళు పట్టింది. మొదటి కంపెనీ పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుని నెలల తరబడి జీతం ఇవ్వలేదు. వదిలి బయటపడితే "ఖల్లివెల్లి" అవుతాడు, అంటే కాగితాలు లేనివాడు. 1996, 2003, 2007, 2012, 2018, 2024 సంవత్సరాల్లో ఆ దేశం క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా మనవాళ్ళు అంతమంది వరసలు కట్టింది ఇందుకే. వీడు అంతదాకా రాకుండా ఓపిక పట్టి, కంపెనీ మారి, ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి పనికి చేరాడు. జగిత్యాలలో ఎస్సారెస్పీ కాలువ కింద వరి నాటిన చెయ్యి, అక్కడ బెర్ముడా గడ్డి నాటింది.

ఎక్కడ దిగాలో తేల్చడానికి వాణ్ణే అడిగాను. నా దగ్గర పెద్ద జాబితా ఉంది. అబూధాబిలో సాదియత్ బీచి గోల్ఫ్ కోర్సు, 2010లో గ్యారీ ప్లేయర్ గీసింది, పక్కన తాబేళ్ళు గుడ్లు పెట్టే తెల్లటి ఒడ్డు. రస్ అల్ ఖైమాలో అల్ హమ్రా కోర్సు, దగ్గర్లోనే 1968 ప్రాంతంలో జనం విడిచిపోయిన జజీరత్ అల్ హమ్రా అనే ముత్యాల ఊరు. చరిత్ర ఇష్టమున్నవాళ్ళకి నేను ఇప్పటికీ దాన్నే మొదట చెబుతాను. తూర్పు తీరాన కొండల నీడలో ఖోర్ ఫక్కాన్, 1507లో పోర్చుగీసు అల్బుకర్క్ తగలబెట్టిన రేవు. నీళ్ళు అటువైపు కాస్త చల్లగా ఉంటాయి. జూలైలో దుబాయి వైపు సముద్రం అంటే స్నానానికి కాచిన నీళ్ళే.

వాడు అన్నీ విని, "అన్నా, నాకు ఛుట్టీ శుక్రవారం ఒక్కటే. రూం సోనాపూర్ల. మీరు దూరం దిగితే నేను రాలేను. జుమైరా కాడ దిగుండ్రి" అన్నాడు. పదిహేడేళ్ళలో అతను అయిదుసార్లు ఇంటికి వచ్చాడు, ఆ అయిదింటిలో మేము కలిసింది ఒక్కసారి. జాబితా మడిచి పక్కన పెట్టాం. అన్నయ్య మాత్రం సాదియత్ పోయిందే అని రెండు రోజులు గొణిగాడు.

జుమైరాలో పబ్లిక్ బీచికి నడిచిపోయే దూరంలో మామూలు హోటల్లో దిగాం. పగలంతా గదుల్లో, మాల్స్‌లో. శుక్రవారం రాత్రి అన్నయ్య ఫ్లడ్‌లైట్ల కోర్సులో ఆటకి బుక్ చేశాడు, తమ్ముణ్ణి రమ్మన్నాడు. గోల్ఫ్ కోర్సులో గేటు వెనకనుంచి కాకుండా ముందునుంచి వెళ్ళడం వాడికి అదే మొదలు. కాలరున్న చొక్కా ఉండాలంటే మా అబ్బాయి చొక్కా తొడిగాం. మొదటి గ్రీను మీద అన్నయ్య పటర్ పట్టుకుని అటూ ఇటూ వంగి చూస్తుంటే వాడు వెనకనుంచి, "అన్నా, గడ్డి అటు ఒరిగింది, బంతి కుడికి గుంజుతది. జెర ఎడమకు కొట్టు" అన్నాడు. బంతి పోయి గుంటలో పడింది. ఆ తరువాత తొమ్మిది గుంటలదాకా అన్నయ్య వాణ్ణి అడగకుండా ఒక్కటీ కొట్టలేదు. న్యూజెర్సీలో అన్నేళ్ళు లెసన్లకి పోసిన డబ్బుకంటే ఆ రాత్రి ఎక్కువ నేర్చుకున్నానన్నాడు.

బెర్ముడా ఎండకాలం గడ్డి అని, ఎంత కాస్తే అంత పెరుగుతుందని, చలి మొదలుకాగానే పైన రై గడ్డి విత్తనాలు చల్లుతారని, అప్పుడు కోర్సులు కొన్ని రోజులు మూసేస్తారని వాడే చెప్పాడు. అంటే యాత్రికులు రాని వేసవిలోనే గడ్డికి పని ఎక్కువ. "ఎండల గడ్డి మంచిగుంటది. మనకే కష్టం" అని నవ్వాడు. 2005 నుంచి వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలన్న చట్టం వచ్చింది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు. ఆ తేదీలు చూస్తే నాకు ముత్యాల సీజను గుర్తొచ్చింది, దాదాపు అవే నెలలు. చట్టం మేలు చేసింది గాని పొద్దున్న నాలుగింటికే బస్సెక్కాలి. తిరిగిరానివాళ్ళ సంగతి మా జిల్లాలో ప్రతి మండలానికీ తెలుసు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 2024లో, మొదటివాళ్ళు పోయిన యాభై ఏళ్ళకి.

బాపు ఆట చూడటానికి బండి మీద కూర్చుని వచ్చారు. ఆయనకి బంతితో పనిలేదు. దిగి, వంగి, గడ్డి వేళ్ళ మధ్య చెయ్యి పెట్టి తడి చూశారు. ఇదే ఎకరం వరికి ఎన్ని నీళ్ళు కావాలో ఆయనకి లెక్క తెలుసు.

"ఏ కాలువ నీళ్ళురా ఇవి?" అని అడిగారు తమ్ముణ్ణి.

"కాలువ లేదు పెద్దబాపూ. ఇప్పుడు మా కోర్సుకైతే ఊరి మోరీ నీళ్ళే, సాఫ్ చేసి ఇడుస్తరు."

బాపు చెయ్యి పంచెకి తుడుచుకోబోయి ఆగి, వాసన చూసుకుని, "వాసన లేదు" అన్నారు. ఆ తరువాత, జగిత్యాల మోరీ నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవరైనా చూశారా అని మా ముగ్గురినీ అడిగారు.